రాణి పేరిటి మేడ, మన యూరి బుద్ధుడు

విజయవాడ నగరమున బందరు రోడ్డు వెంబడి, అహోరాత్రము లెడతెగని వాహనఘోష నడుమ, ప్రాచ్యపాశ్చాత్య వాస్తురీతులు రెండును కలసిమెలసిన యొక పాతభవనము నూట ముప్పదియైదేండ్లకు పైబడి నిలిచియున్నది. నేడది బాపు మ్యూజియము. పెద్దల నోట నిప్పటికిని విక్టోరియా మ్యూజియమే.

విక్టోరియా మహారాణి రాజ్యారోహణ స్వర్ణోత్సవమును పురస్కరించుకొని, 1887 జూన్ 27వ తేదీన, నాటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ దీనికి శంకుస్థాపన చేసెను. ఆయన కేవలము పన్నులు వసూలుచేయించిన అధికారి కాడు. అంతకు పదేండ్లు ముందు, 1877లో, అమరావతీ స్తూపస్థలమును త్రవ్వించినవాడు. తరువాత 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్రమును గ్రంథస్థము చేసినవాడు. పరదేశీయుడయ్యును ఈ నేలలోని శిలలను చదువనేర్చిన యట్టివాడు పునాది వేసిన యింట, కాలాంతరమున ఆ శిలలే కొలువుదీరుట తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు పులకించును.

అయితే శిలలకంటె ముందుగా ఈ భవనచరిత్రలోనికి వచ్చినది యొక వస్త్రఖండము. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు సమకూర్పవలెనని తీర్మానించెను. ఆ దినములలోనే, కృష్ణా జిల్లాలోని భట్లపెనుమఱ్ఱున జన్మించి, 1916లోనే జాతీయపతాకమును గూర్చి పుస్తకము ప్రకటించిన పింగళి వెంకయ్యగారు, ఎఱుపు, ఆకుపచ్చ వన్నెలపై రాట్నముంచిన పతాకమును మహాత్మునకు సమర్పింపగా, తెలుపును కూడ చేర్పుమని గాంధీజీ సూచించిరి. ఆ సమర్పణకు వేదిక యీ భవనమే యని బెజవాడవారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు.

1962లో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాలయై, 2020 అక్టోబరులో నవీకరణానంతరము మరల ద్వారములు తెఱచిన యీ యింట, నాణెములు, ఆయుధములు, జైన తీర్థంకర ప్రతిమలు పెక్కు గలవు. వానియన్నిటి నడుమ నన్ను కదలనీయక నిలిపినవాడు అల్లూరను ఊరి బుద్ధుడు. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దుల నాటి యా నిలువెత్తు విగ్రహమున, కఠినమైన తెల్లని సున్నపురాయి యాంధ్రశిల్పి యులికి వెన్నవలె లొంగినది. రాజ్యములెన్ని మాఱినను ఆ శాంతి మాఱలేదు.

అమరావతి శిల్పములలో అనేకము మద్రాసునకు తరలిపోయినవి. మఱికొన్ని సముద్రముదాటి లండను చేరినవి. వానిని చూడగోరు తెలుగుబిడ్డ ఎంతదూరము పోవలెనో తలచుకొన్నచో, స్థానిక ప్రదర్శనశాల విలువ యేమో యెవరును వివరింప నక్కఱలేదు. అల్లూరునుండి వచ్చిన పిల్లవాడు తన యూరి బుద్ధుని చూచుటకు ఓడ యెక్క నక్కఱలేదు. బందరు రోడ్డున బస్సు దిగిన చాలును.