వాట్ల బేరం

సైకిల్ తొక్కే మనిషి ఎంత కష్టపడుతున్నాడో వేగం చూసి చెప్పలేం. ఎదురుగాలిలో గంటకు 20 కిలోమీటర్లతో పోయేవాడు చెమటలు కక్కుతుంటాడు. పల్లంలో 40తో జారిపోయేవాడు పెడల్ కూడా తొక్కడు. గుండె వేగం కొంత నయమే కానీ, అది కాళ్ల వెనకాల ఆలస్యంగా నడుస్తుంది. ఎండ ముదిరినా, రాత్రి నిద్ర చాలకపోయినా లెక్క తప్పుతుంది. అలాంటప్పుడు కాలు పెట్టే బలాన్ని సైకిల్ మీదే, అక్కడికక్కడే కొలిస్తే పోలేదా? జర్మన్ ఇంజనీరు ఉల్రిచ్ షోబరర్ 1986లో చేసి చూపించింది అదే, దాని పేరే పవర్ మీటర్. ఆయన సంస్థ ఎస్‌ఆర్‌ఎం యూలిష్ పట్టణంలో స్థిరపడింది.

లోపలి కీలకం మాత్రం అప్పటికే పాతది. స్ట్రెయిన్ గేజ్‌ను అమెరికాలో 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారే కనిపెట్టారు. ఇప్పుడు వాడే గేజ్ గోరంత రేకు, దాని మీద మెలికలు తిరిగిన సన్నని లోహపు గీత. దాన్ని పెడల్‌ను మోసే క్రాంక్‌కు అంటిస్తే, క్రాంక్ వంగినప్పుడు గీత కూడా సాగి సన్నబడుతుంది, దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ వంపు కంటికి ఆనదు. 350 ఓమ్‌ల గేజ్‌లో వచ్చే మార్పు ఓమ్‌లో ఓ చిన్న భిన్నం. ఆ కాస్తను వీట్‌స్టన్ బ్రిడ్జ్ సర్క్యూట్‌తో పట్టుకుని టార్క్‌గా, అంటే తిప్పే బలంగా మారుస్తారు. టార్క్‌ను తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు. నిమిషానికి 90 చుట్లు, 21 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటే దాదాపు 200 వాట్లు వస్తాయి. మన ఇళ్లలోని పాతకాలపు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తాగుతుంది. టూర్ డి ఫ్రాన్స్ కొండల మీద ముందుండే రైడర్లు అరగంటసేపు 400 వాట్లు ఇస్తారు, అంటే ఐదు ఫ్యాన్లు తిప్పుతూ కొండెక్కడమన్నమాట.

చిక్కల్లా వేడితోనే. ఎండకు లోహం వ్యాకోచిస్తే, కాలు పెట్టకపోయినా గేజ్ ఏదో బలం ఉందనుకుంటుంది. బయలుదేరే ముందు సున్నా సరిచేసుకోమని చెప్పేది అందుకే. తయారీదారుల పనితనం తేలేది గేజ్ అంటించడంలో కన్నా ఈ వేడి లెక్కను సవరించడంలోనే.

1990ల మొదట్లో గ్రెగ్ లెమాండ్ లాంటి ఛాంపియన్లు ఎస్‌ఆర్‌ఎం పెట్టుకుని సాధన చేశారు. మామూలు వాళ్లకు అది అందేది కాదు. తర్వాత చాలా ఏళ్లకు కూడా ధర రెండు వేల డాలర్ల పైమాటే. పైగా పాత మోడళ్లలో బ్యాటరీ అయిపోతే క్రాంక్ విప్పి సర్వీస్ సెంటర్‌కు పంపాలి! పవర్‌ట్యాప్ అనే మీటరు కొలతను వెనక చక్రం హబ్‌లోకి మార్చింది. పోలార్ కంపెనీ ఇంకో దారి పట్టి, చైన్ కంపించే తీరును బట్టి దాని బిగువును లెక్కగట్టింది. ఊహ గొప్పదే కానీ, బిగించడం తలనొప్పి కావడంతో నిలవలేదు.

ధరలు విరగడానికి అసలు దారి వేసింది, నా ఉద్దేశంలో, ఏ కొత్త గేజూ కాదు, ఏఎన్‌టీ ప్లస్ అనే వైర్‌లెస్ ఒప్పందం. అంతకుముందు మీటరు ఎవరిదైతే హ్యాండిల్ మీది తెర కూడా వాళ్లదే కొనాలి. ఆ ముడి విడిపోయాక, మీటరు ఒక్కటే చేసి అమ్ముకునే చిన్న కంపెనీలకు చోటు దొరికింది.

అలా వచ్చిందే కొలరాడోకు చెందిన స్టేజెస్. 2012లో అది ఎడమ క్రాంక్‌కు మాత్రమే గేజ్ అంటించి, వచ్చిన అంకెను రెండుతో గుణించి, 699 డాలర్ల ధర పెట్టింది. కుడి కాలిని కొలిచే పనే లేదు. నిజంగా 200 వాట్లు తొక్కేవాడి ఎడమ కాలు 52 శాతం పని చేస్తే తెర మీద 208 కనిపిస్తుంది. నిఖార్సైన కొలతకు అలవాటుపడ్డవాళ్లు ముక్కు విరిచారు. అయినా జనం కొన్నారు. 2014 సీజన్ నుంచి టీమ్ స్కై రేసింగ్ జట్టు కూడా అదే బిగించుకుంది. నిన్నటి నాతో ఇవాళ్టి నన్ను పోల్చుకోవడానికి కచ్చితత్వం కన్నా నిలకడ ముఖ్యమని కొనేవాళ్లకు అమ్మేవాళ్ల కన్నా ముందే తెలిసినట్టుంది. ఆ పైన కెనడాలోని 4ఐఐఐఐ కంపెనీ ధరను ఇంకా కిందికి లాగింది.

ఇటలీలో ఫవేరో అనే సంస్థ ఉంది. కత్తిసాము పోటీల్లో పాయింట్లు లెక్కపెట్టే యంత్రాలకు దానికి పేరు. అది పెడల్ ఇరుసులోనే గేజ్‌లు పెట్టి, 2017లో అసియోమా పెడల్ మీటరు తెచ్చింది. గార్మిన్ అంతకుముందే వెక్టర్ పెడళ్లను ప్రకటించినా అవి అంగడికి రావడానికి 2013 దాకా పట్టింది, ధర 1,699 డాలర్లు. పెడల్ మీటరు సుఖమేమిటంటే, ఒక సైకిల్ నుంచి విప్పి ఇంకోదానికి నిమిషాల్లో బిగించుకోవచ్చు. అది ఏ క్రాంక్ మోడల్‌కు సరిపోతుందన్న గొడవే ఉండదు.

ఇప్పుడు మజీన్, సిగేయి లాంటి చైనా కంపెనీలు రెండు కాళ్లనూ కొలిచే మీటర్లను కొన్ని వందల డాలర్లకే ఇస్తున్నాయి. మరోపక్క గేర్ల కంపెనీలే మీటర్లలోకి దిగాయి. శ్రామ్ 2011లో మీటర్లు చేసే క్వార్క్‌ను కొనేసింది, షిమానో 2017లో సొంత మీటరు తెచ్చింది. దారి చూపిన స్టేజెస్ 2024లో తలుపులు మూసుకుంది. అది జిమ్ సైకిళ్లు కూడా చేసేది, కోవిడ్ తర్వాత సైకిల్ పరిశ్రమంతా చతికిలబడింది. కాబట్టి పాపమంతా పవర్ మీటర్‌దే అనలేం.

పవర్ మీటర్ల వల్ల ఆటలోని అనిశ్చితి పోతోందని, రేసుల్లో వీటిని నిషేధించాలని టూర్ డైరెక్టర్ క్రిస్టియన్ ప్రుదొమ్ 2018లో అన్నారు. ఆ మాట చెల్లలేదు.

కొత్త మోడళ్ల వెంట పడేవాళ్లు పాతవి అమ్మేస్తారు కనుక సెకండ్ హ్యాండ్ బేరాలూ జోరుగానే ఉన్నాయి. కొనేముందు పరీక్ష సులువే. సున్నా సరిచేసి, వెనక బ్రేకు గట్టిగా పట్టి, 170 మిల్లీమీటర్ల క్రాంక్‌ను నేలకు సమాంతరంగా నిలిపి, పెడల్ ఇరుసుకు సరిగ్గా తూచిన 20 కిలోలు వేలాడదీయండి. మీటరు 33.4 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో చూపాలి. ఒంటి కాలు మీటరైతే, రెండుతో గుణించి చూపుతోందేమో ముందే అడగండి.