ఆసు పోసిన చేతికి పేరేది?

నేర్పరి అనగానే మగ్గం గుంటలో కూర్చున్న మగవాడే మన కంటికి కనబడుతాడు. ఈ చూపు మనకు ఎట్లు వచ్చినదో తెలియుటకు సేలములోనే జరిగిన ఒక పాత సంగతి చెప్పవలసి యున్నది.

1906 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొరగారు సేలములో ఒక నేత కర్మాగారం పెట్టించారు. తాడు లాగితే నాడె పరుగెత్తే మగ్గాలు అమర్చి, నేతగాండ్రను ఒక కప్పు కింద చేర్చి, వేళ ప్రకారం పని చేయించవలెనని వారి ఉద్దేశము. దొరగారు పట్టుదల గల మనిషి. మద్రాసులో అల్యూమినియం పాత్రల పనిని నెలకొల్పినదీ వారే. అయినను నేతగాండ్రు నిలకడగా రాలేదు. కొన్ని ఏండ్లకే కర్మాగారం మూతపడినది. నేతవాడు కొత్తదనమును ఒల్లడని మాట పడినది.

అది పొరపాటు. ఆ రోజులలోనే కోస్తా ఆంధ్రలో ఆ తాడు నాడె ఇంటింటి మగ్గానికీ చేరుచున్నది. మనవారు ఒల్లనిది నాడెను కాదు, షెడ్డును. ఇంటి వద్ద భార్య ఆసు పోస్తుంది, తల్లి కండెలు చుడుతుంది, పడుగుకు గంజి పెట్టే నాడు ఇరుగుపొరుగు చేయి వేస్తారు. వీరందరినీ విడిచి షెడ్డుకు పోయినవాడు సగం నేతగాడే. ఫ్యాక్టరీల దేశంలో పెరిగిన దొరగారి లెక్కకు ఆ సగం అందలేదు. పైగా కుట్టు అంచు చీరకు మూడు నాడెలు, పక్కన ఇంకొక చేయి కావలెను. తాడు నాడె అక్కడ పనికిరాదు.

దొరగారిని అనుట సులభము. మన సంఘాల సభ్యత్వ పుస్తకాలు తీసి చూడండి, పేర్లన్నీ దాదాపు మగవారివే. మా వీధిలో ఒక అమ్మ ఆసు పోయునపుడు పుంజానికి 120 పోగులలో ఒకటి తగ్గినా వ్రేళ్లతోనే పట్టివేస్తుంది. అడిగితే, “నాకేమి వచ్చు నాయనా, ఆయనకు సాయం చేస్తాను, అంతే” అంటుంది. అది వినయం అని మేము చాలాకాలం అనుకొన్నాము. చిన్ననాటి నుండి ఇల్లు ఆమెకు నేర్పిన లెక్క అది. మాకూ అదే నేర్పినది. అస్సాంలో చాలా ఇండ్లలో మగ్గం మీద కూర్చునేది ఆడవారే. అక్కడ నేత ఆడపిల్లకు రావలసిన విద్య. మగ్గం ఒకటే, వాడుక వేరు.

2019–20 నాటి అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా పనివారు తేలినారు. నూటికి 70 మందికి మించి స్త్రీలే. అస్సాం వంటి చోట్ల సంఖ్య ఎక్కువ గనుక ఈ అంకె అంతా మనది కాదు. కాని మన ఇండ్లలో మాత్రం, పుస్తకంలో పేరు లేని ఆమెకు పొదుపు నిధి లేదు, గుర్తింపు కార్డు అడుగుటకు ఆధారం లేదు. భర్త పోయిన మరునాటి నుండి సంఘానికి ఆమె ఎవరో!

ఈ నెలలో మా పుస్తకంలో ఆసు, కండెల పనివారికి వేరే గడి గీసినాము. మూడు పేర్లు వ్రాయునప్పటికే ఒక పెద్దాయన వచ్చి, “ఏమయ్యా సెక్రటరీ, వీరికి మగ్గమేది?” అన్నారు. వారి పడుగు ఎవరు పోస్తారని అడిగినాము. కొంతసేపు మాటాడక, కోడలి పేరు చెప్పినారు. వ్రాసుకొన్నాము.