లిప్తపాటు ఎక్స్‌ కిరణాలు

వేగంగా తిరిగే ఫ్యాన్‌ను మామూలు కెమెరాతో ఫొటో తీస్తే రెక్కలు విడివిడిగా కనబడవు, అలికినట్లు ఉంటాయి. కెమెరా కన్ను తెరుచుకుని ఉన్నంతసేపు రెక్కలు కదులుతూనే ఉండటమే దీనికి కారణం. ఎక్స్‌ కిరణాలతో ఫొటో తీసేటప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. కదలకుండా కూర్చున్న మనిషి చేతి ఎముకలను తీయడం తేలిక. ఉక్కు పలకను చీల్చుకుపోతున్న తూటాను తీయడం ఎలా?

లెక్క వేసి చూద్దాం. తూటా వేగం సెకనుకు 800 మీటర్లు అనుకోండి. సెకనులో వెయ్యవ వంతు కాలంలో అది 80 సెంటీమీటర్లు పోతుంది. ఫొటోలో ఒక మరక తప్ప ఏమీ మిగలదు. అదే ఎక్స్‌ కిరణాలు సెకనులో రెండు కోట్లవ వంతు, అంటే 50 నానోసెకన్లు మాత్రమే వెలువడితే? ఆ వ్యవధిలో తూటా కదిలేది 0.04 మిల్లీమీటరు! తూటా నిలబడిపోయినట్లే కనిపిస్తుంది. ఇలా లిప్తపాటు వెలిగి ఆరిపోయేవాటిని పల్స్‌ ఎక్స్‌ కిరణాలంటారు. రంట్‌జెన్‌ 1895లో ఎక్స్‌ కిరణాలను కనుగొన్నాడు. వీటిని ఇలా మెరుపులా పుట్టించవచ్చని 1938లో జర్మనీలో స్టీన్‌బెక్‌ చూపాడు.

ఎక్స్‌ కిరణాలు పుట్టాలంటే శూన్య నాళంలో ఎలక్ట్రాన్లు గొప్ప వేగంతో లోహాన్ని ఢీకొనాలి. అందుకు లక్షల వోల్టులు కావాలి. చిన్న ప్రయోగశాలలో అవి ఎక్కడ నుంచి వస్తాయి? పదడుగుల నిచ్చెనలు పది పక్కపక్కన నిలబెడితే ఎత్తు పదడుగులే. వాటినే ఒకదానిపై ఒకటి నిలబెట్టగలిగితే నూరడుగులు. 1920లలో ఎర్విన్‌ మార్క్స్‌ రూపొందించిన జనరేటర్‌ చేసే పని ఇదే. పది కెపాసిటర్లను సమాంతరంగా కలిపి, ఒక్కొక్కదానిని 20,000 వోల్టులకు నెమ్మదిగా ఆవేశపరుస్తారు. వాటి మధ్య చిన్న గాలి సందులుంటాయి. మొదటి సందులో నిప్పురవ్వ దూకగానే మిగతా సందులపై వోల్టేజి పెరిగి, అవీ వరుసగా దూకుతాయి. ఆ క్షణంలో కెపాసిటర్లన్నీ శ్రేణిలో కలిసి 2 లక్షల వోల్టులు ఇస్తాయి.

ఒక్కొక్క కెపాసిటర్‌ 0.002 మైక్రోఫారడ్‌ అయితే దానిలో నిలువ ఉండే శక్తి ½CV² ప్రకారం 0.4 జౌలు. పదింటిలో కలిపి 4 జౌళ్లు. 400 గ్రాముల పుస్తకాన్ని ఒక మీటరు పైకెత్తడానికి కావలసిన శక్తి ఇది. కాని అంతా 50 నానోసెకన్లలో బయటపడితే సామర్థ్యం 8 కోట్ల వాట్లు! మెల్లగా కూడబెట్టి ఒక్కసారిగా ఖర్చు చేయడమే ఈ యంత్రంలోని కీలకం.

ఇక నాళం సంగతి. ఆస్పత్రిలోని ఎక్స్‌ రే నాళంలో వేడెక్కిన తీగ ఎలక్ట్రాన్లను ఇస్తుంది. ఆ విద్యుత్‌ ప్రవాహం సాధారణంగా ఒక ఆంపియర్‌ లోపే. మనకిక్కడ వందల ఆంపియర్లు కావాలి. అందుకే వేడి చేయని, పదునైన అంచులున్న కాథోడ్‌ వాడతారు. అంచు వద్ద విద్యుత్‌ క్షేత్రం ఎంత బలంగా ఉంటుందంటే, అది ఎలక్ట్రాన్లను లోహం నుంచి పీకివేస్తుంది. అతి సూక్ష్మమైన మొనలు పేలి ప్లాస్మాగా మారతాయి. ఆ ప్లాస్మా పాకి ఆనోడ్‌ను చేరితే షార్ట్‌ సర్క్యూటై కిరణాలు ఆగిపోతాయి. రెండింటి మధ్య ఎడం మరీ తగ్గిస్తే పల్స్‌ ముందే ముగుస్తుంది, మరీ పెంచితే ప్రవాహం తగ్గుతుంది. ఆనోడ్‌కు పరమాణు సంఖ్య 74 గల టంగ్‌స్టన్‌ తగినది. అయినా శక్తిలో ఒకటి రెండు శాతమే ఎక్స్‌ కిరణాలుగా మారి, తక్కినదంతా వేడి అవుతుంది.

నాళంలో మంచి శూన్యం లేకపోతే ఇదంతా వ్యర్థం. శూన్యాన్ని సాధించే విద్యలో మన తెలుగువాడు స్వామి జ్ఞానానంద ప్రసిద్ధుడు. 1896లో పశ్చిమ గోదావరి ప్రాంతంలోని గొరగనమూడిలో పుట్టిన ఆయన, 1930లలో ప్రేగ్‌ నగరంలో ఎక్స్‌ కిరణాల వర్ణపటాలపై పరిశోధన చేశారు. అధిక శూన్యంపై ఆంగ్లంలో గ్రంథం రాశారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. పల్స్‌ యంత్రాల పెద్దన్నలూ మన దేశంలో ఉన్నాయి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం నిర్మించిన ‘కలి-5000’ సుమారు 10 లక్షల వోల్టుల పల్స్‌ను సెకనులో కోటవ వంతు సేపు ఇస్తుంది. ఆ కేంద్రానికి మన విశాఖపట్నంలోనూ పల్స్‌ పవర్‌పై పనిచేసే విభాగం ఉంది.

‘నాలుగు జౌళ్లే కదా, మనమూ చేద్దాం’ అని మాత్రం అనుకోకండి. స్విచ్‌ ఆపినా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది, తాకితే ప్రాణం పోవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు ముందుగా భూమికి కలిపిన కడ్డీతో వాటిని ఖాళీ చేస్తారు. ఇక ఎక్స్‌ కిరణాలు కంటికి కనబడవు, తగిలినట్లు తెలియదు. ఎడిసన్‌ వద్ద సహాయకుడుగా పనిచేసిన క్లారెన్స్‌ డాలీ వాటి తాకిడికి చేతులు పోగొట్టుకుని 1904లో మరణించాడు. నేడు ఇటువంటి యంత్రాన్ని సీసపు గోడల మధ్య ఉంచుతారు. తలుపు తెరిస్తే పనిచేయకుండా అమరుస్తారు. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కూడా తప్పనిసరి.

మీరు కాగితం మీద చేయదగిన పని ఒకటుంది. 25,000 వోల్టుల కెపాసిటర్లు పన్నెండు ఉంటే మొత్తం ఎన్ని వోల్టులు వస్తాయి? ఒక్కొక్కటి 0.002 మైక్రోఫారడే అయితే శక్తి ఎన్ని జౌళ్లు? 3 లక్షల వోల్టులు, 7.5 జౌళ్లు వస్తే మీ లెక్క సరైనదే.