పునరావాస వార్డులో మందుల బాధ్యత: రోగికి ఎప్పుడు, ఎలా అప్పగించాలి?

పునరావాస చికిత్స అనగానే మీకు నడక, చేతి వ్యాయామాలు గుర్తుకు వస్తాయి. తన మందులు తానే వేళకు వేసుకోగలగడం కూడా అందులో భాగమే. దీన్ని వార్డులో ఉండగానే, నర్సు పర్యవేక్షణలో అలవాటు చేయిస్తారు. డాక్టరు చీటీ లేకుండా మందులు కొని వాడే సొంతవైద్యంతో దీన్ని కలపకండి.

స్టేషన్ ఘనపూర్ రైతు ఒకరు పక్షవాతంతో వరంగల్‌లో ఆసుపత్రిలో చేరారనుకోండి. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ రాశారు. కుడిచేతికి పట్టు లేదు. ఉన్నన్నాళ్లూ నర్సో, కొడుకో మాత్ర విప్పి చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు, ఒంటిచేత్తో స్ట్రిప్పులోంచి మాత్ర తీయడం ఎంత కష్టమో. చీటీ మీద 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని కూడా ఎవరూ చెప్పలేదు. బీపీ మాత్ర ఆగిపోతే మళ్లీ పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. సంపన్న దేశాల్లో సైతం దీర్ఘకాలిక రోగుల్లో సగటున 50 శాతం మందే మందులు సక్రమంగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో పేర్కొంది.

అందుకే బాధ్యతను మెట్లుమెట్లుగా అప్పగిస్తారు. మొదట నర్సు ప్రతి మందు పేరు, అది ఎందుకో చెబుతూ ఇస్తారు. తరువాత వేళ కాగానే రోగే అడిగి, తన మాత్రలు తానే ఏరుకుంటారు. మింగే ముందు నర్సు సరిచూస్తారు. చివరికి మందులు తాళం వేసిన సొరుగులో రోగి దగ్గరే ఉంటాయి, నర్సు మిగిలినవి లెక్కపెడతారు. పొరపాటు జరిగితే ఒక మెట్టు వెనక్కి. అది శిక్ష కాదని రోగికి చెప్పడం మరవకూడదు.

మతి నిలకడ లేనివారికి, మింగడం కష్టమైనవారికి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారికి ఇది తగదు. పార్కిన్సన్స్ రోగుల విషయం వేరు. లెవోడోపా కాస్త ఆలస్యమైనా ఒళ్లు బిగుసుకుపోవచ్చు. వార్డు రౌండు కోసం ఆగడమే వారికి నష్టం. బ్రిటన్‌లో 2006లో దీనిపై ప్రచారోద్యమమే నడిచింది.

మన ఆసుపత్రుల్లో చిత్రమేమిటంటే, మందుల కవరు చాలాసార్లు ఇప్పటికే రోగి తలగడ కిందో, అటెండెంటు సంచిలోనో ఉంటుంది. కరువైంది నేర్పడమే. నేర్పేటప్పుడు మాత్ర రంగు కాదు, మందు పేరు గుర్తుపెట్టించాలి. పీహెచ్‌సీలో ఇచ్చే ఆమ్లోడిపిన్, మెడికల్ షాపులో కొన్నది చూడటానికి వేరుగా ఉండవచ్చు. రెండూ వేరనుకుని రెండూ వేసుకుంటే బీపీ పడిపోయి, ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటున్న మనిషి కింద పడతాడు.