బిడ్డల పోషణభృతి

ఆలుమగలకు పొసగనప్పుడు రచ్చబండయొద్ద తగవు తీర్చుట మన యూళ్లలో నేటికిని కలదు. ఇరువదియేండ్ల క్రిందట నేనును అట్టి తగవులో నొకమారు కూర్చుంటిని. ఒకడు వేఱొక స్త్రీని చేరదీసి, భార్యను, మూడేండ్ల ఆడుబిడ్డను పుట్టింటికి వెడలగొట్టెను. మేము వానిచేత ముప్పదివేల రూపాయలిప్పించి, ఇకమీదట తల్లికిగాని బిడ్డకుగాని వానిపై ఏ హక్కును లేదని కాగితము వ్రాయించితిమి. వ్రాసినవాడను నేనే, నా దస్తూరి బాగుండునని నాకప్పగించిరి. ఆ పైకము రెండేండ్లకే చెల్లిపోయెను. ఆ పిల్ల నా బడిలో ఐదవ తరగతివఱకు చదివి, పిదప మిరపతోటలకు కూలికిపోయెను.

నాడు మేము ఎఱుగని సంగతి యేమనగా, పోషణభృతి తల్లికి దక్కు బహుమానము కాదు, బిడ్డకుగల స్వంతహక్కు. తల్లి తన మాటగా ఏమి వ్రాసియిచ్చినను, అది బిడ్డ కోరు భృతికి అడ్డురాదని న్యాయస్థానములు పలుమారులు తీర్పుచెప్పినవి. నేను ముత్యాలకోవవలె వ్రాసిన ఆ కాగితము ఆ పిల్లపట్ల చెల్లనిదే. అది చెల్లదని ఆ తల్లికి చెప్పినవారు లేరు.

ఈ చట్టము క్రొత్తది కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ సెక్షనుగను, 1973 నాటి కోడులో 125వ సెక్షనుగను ఉండినది. 2024 జూలై 1వ తేదినుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. మునుపు నెలకు 500 రూపాయలకు మించి యిప్పింపరాదను హద్దుండెడిది. దానిని 2001లో తొలగించిరి. ఇప్పుడు తండ్రి రాబడిని, బిడ్డ అవసరమును చూచి మేజిస్ట్రేటు నిర్ణయించును. ఏ మతమువారికైనను ఇది వర్తించును. పెండ్లి లేక పుట్టిన బిడ్డకును ఈ హక్కు గలదు. ఇది వినుటకు కొందఱికి కష్టముగా నుండవచ్చును. కాని పుట్టుక బిడ్డచేసిన నేరము కాదుగదా!

భార్య తాను నివసించు జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. భర్త యూరికి తిరుగ నక్కఱలేదు. వ్యాజ్యము తేలులోపల మధ్యకాలపు భృతి యడుగవచ్చును. ఆ కోరికను, నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవఱకు తేల్చవలెనని చట్టము. రజనేశ్, నేహ అనువారి వ్యాజ్యములో 2020లో సుప్రీంకోర్టు, ఉభయులును తమ ఆస్తిపాస్తుల వివరమును ప్రమాణపత్రముమీద దాఖలు చేయవలెననియు, దరఖాస్తు పెట్టిన నాటినుండియే భృతి నిప్పింపవలెననియు చెప్పెను. రెండెకరముల మాగాణి పెట్టుకొని "నాకేమున్నది?" అని చేతులు దులుపుకొనుట ఇందుచే కొంత కష్టమైనది.

ఉత్తరువైన పిదపకూడ ఇయ్యనివానిపై వారంటు పుట్టించి వసూలు చేయుదురు. అప్పటికిని చెల్లింపకున్నచో, బాకీపడిన ఒక్కొక్క నెలకు ఒక నెలవఱకు ఖైదు విధింపవచ్చును. అయితే బాకీపడిన ఏడాదిలోపల దరఖాస్తు పెట్టినగాని వారంటు రాదు. నేడో రేపో యిచ్చునని ఓర్పుతో కాచుకొన్నవారే ఇందు నష్టపోవుచున్నారు.

ప్లీడరు ఖర్చునకు వెఱచి యాగువారు పెక్కురు. 1987 నాటి న్యాయసేవల చట్టముచొప్పున స్త్రీలకును పిల్లలకును, రాబడి యెంతయున్నను, ప్లీడరును ఉచితముగా నియమింతురు. మండల న్యాయసేవా కమిటీ సాధారణముగా కోర్టు ఆవరణలోనే యుండును. 15100 అను నంబరునకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు.

తండ్రి గతించినను, విడిచిపోయి జాడతెలియకున్నను, మిషన్ వాత్సల్య పథకముక్రింద అర్హతగల బిడ్డకు నెలకు 4,000 రూపాయలు సర్కారే యిచ్చును. పల్లెలలో కుటుంబపు రాబడి ఏటికి 72,000 రూపాయలకు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు పెట్టవలెను.

మీరు తగవు తీర్చవలదని నేననను. కోర్టు మెట్లెక్కుటకంటె పెద్దల మాటయే పలువురకు నచ్చును. అయితే కుదిరిన రాజీని లోకదాలతులో నమోదు చేయింపుడు. అప్పుడు దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలము వచ్చును. బిడ్డ భృతి నెలనెల తల్లిపేర బ్యాంకిలో పడునట్లు వ్రాయింపుడు. బిడ్డకు హక్కులేదను వాక్యమును మాత్రము ఎవరు వ్రాయుమన్నను వ్రాయకుడు.