ఈల, కూత, కూతవేటు

మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో చేరి, పినాంగులో స్నేహితురాళ్ళతో కలసి అద్దె ఇంట్లో ఉంటూ సొంతంగా వంట ప్రారంభించిన కొత్తలో జరిగిన సంగతి ఇది. "కందిపప్పు మూడు విజిళ్ళు రాగానే దింపెయ్యమ్మా" అని వాళ్ళమ్మ ఫోనులో చెప్పింది. మూడు విజిళ్ళూ వచ్చాయి గాని పప్పు ఉడకలేదు. "ఇక్కడి మూడు వేరు, అక్కడి మూడు వేరా నాన్నా?" అని నన్ను అడిగింది. పక్కనే కూర్చున్న మా అత్తగారు, బాగాన్ దాతో కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి, అసలు ప్రశ్నను పక్కకు నెట్టి, "విజిలేమిటే? కూత అనరాదూ!" అని మందలించారు.

ఆ రెండు మాటలూ నన్ను కొంతకాలం వదలలేదు. రసాయనశాస్త్రం చదివినవాడికి మాటల మీద పెత్తనం లేదు గాని, కొలతల మీద కొంత ఉన్నది. పప్పు సంగతి కొలతకు సంబంధించినది.

ఇంగ్లీషులో పెదవులతో వేసేదీ, రైలు వేసేదీ, రిఫరీ ఊదేదీ, పొయ్యి మీద కెటిల్ చేసేదీ అన్నీ విజిలే. మలయ్ భాషలో నోటితో వేసేది సియుల్, ఊదే పరికరం విసెల్. రెండవ మాట ఇంగ్లీషు నుండి వచ్చినదని వింటేనే తెలుస్తున్నది. తెలుగు ఈ శబ్దాలను ఇంకా నిశితంగా విడదీసింది. ఈల పెదవులది. కూత ప్రాణిది: కోడి కూసింది, కబడ్డీ ఆటగాడు కూతకు వెళ్ళాడు. 1885లో తైపింగ్ నుండి పోర్ట్ వెల్డ్ వరకు మలయాలో మొదటి రైలు నడిచింది. ఆ తరువాత రబ్బరు తోటలకు వచ్చిన మన పెద్దలకు రైలు శబ్దం కొత్త కాదు. దేశంలో విన్న 'రైలు కూత' అనే మాటనే వెంట తెచ్చుకున్నారు. ఇనుప యంత్రానికి ప్రాణం పోసిన మాట అది. ఇక పీక అనే మాట మరీ విచిత్రం. సన్నాయి కొసన పెట్టే రెల్లు ముక్కా పీకే, మన కంఠమూ పీకే. రెంటిలోనూ గాలి తాకిడికి సన్నని పలుచని భాగం అదిరి శబ్దం పుడుతుంది. శరీరశాస్త్రం చదవని మన పూర్వులు ఒకే పేరు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం ముచ్చటగా ఉంటుంది. కోనసీమ పిల్లలూ, బాగాన్ దాతో పిల్లలూ కొబ్బరాకు చుట్టి ఊదేది కూడా ఈ పీకల జాతిదే.

ఈలలో అదిరే ముక్క ఏదీ లేదు. అదే దాని ప్రత్యేకత. స్వరతంత్రులు పని చేయవు, పెదవులు అదరవు. పెదవుల మధ్య సన్నని సందులో నుండి వెలువడే గాలి చిన్న చిన్న సుడులుగా విడిపోతుంది. నోటిలోని గాలి ఒక బుడ్డిలోని గాలివలె ఆ సుడులకు ప్రతిస్పందించి, తనకు అనువైన పౌనఃపున్యాన్ని మాత్రమే పెంచుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దం వంటిదే ఇది. నాలుక ముందుకు జరిపితే నోటిలో చోటు తగ్గి స్వరం హెచ్చుతుంది, వెనుకకు లాగితే తగ్గుతుంది. సాధారణంగా మనిషి ఈల 1000 నుండి 3000 హెర్ట్జ్ మధ్య పలుకుతుంది. మన చెవి మిక్కిలి చురుకుగా వినే ప్రాంతమూ ఇంచుమించు అదే. కనుకనే సినిమా హాలులో వందమంది చప్పట్ల మధ్య ఒక్క ఈల వినబడుతుంది!

ఈ నాలుక కదలికను సంగీతం చేసినవారు కళ్యాణం రఘురామయ్య (1901-1975). గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టి, రంగస్థలం మీద కృష్ణ పాత్రతో పేరు గడించి, నోట వేలు పెట్టి ఈల మీద రాగాలూ పద్యాలూ పలికించి, 'ఈలపాట' అనేదాన్నే ఇంటిపేరుగా చేసుకున్నారు. తెలుగునాట ఈల వేసేవాడిని పోకిరీ అనడం వాడుక. ఆ ఈలకే 1975లో పద్మశ్రీ దక్కింది.

రాత్రిపూట ఈల వేస్తే పాము వస్తుందని మన ఇళ్ళలో అంటారు. రాత్రి ఈల వేయరాదని ఇక్కడి మలయ్ పెద్దలూ పిల్లలను వారిస్తారు. పాముకు బయటి చెవి లేదు. అది ప్రధానంగా కొన్ని వందల హెర్ట్జ్‌ల లోపు శబ్దాలనే గ్రహించగలదు. గాలిలో వచ్చే ధ్వనికి కూడా పాములు స్పందిస్తాయని 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు, అయితే వారు వాడినవి 450 హెర్ట్జ్ లోపు శబ్దాలు. మన ఈల దానికి చాలా పైన ఉన్నది. పడుకున్న పిల్లలు లేస్తారు గాని పాము లేవదు.

కెటిల్ ఎందుకు ఈల వేస్తుందో లార్డ్ రేలీ వంటి మహానుభావుడు 19వ శతాబ్దంలోనే ఆలోచించినా, పూర్తి వివరణ 2013లో గాని రాలేదు. కేంబ్రిడ్జిలో రాస్ హెన్రీవుడ్, అనురాగ్ అగర్వాల్ అనే ఇద్దరు దానిని తేల్చారు. ఆవిరి మెల్లగా వచ్చేటప్పుడు కెటిల్ మూతి సీసావలె పలుకుతుంది. ఆవిరి జోరు హెచ్చాక సుడులు ఏర్పడి పిల్లనగ్రోవివలె పలుకుతుంది.

ఇప్పుడు పప్పు సంగతి. 1679లో డెనీ పాపాఁ అనే ఫ్రెంచివాడు లండనులో ఎముకలను సైతం మెత్తబరచే మూతపాత్రను తయారు చేశాడు. అది పేలకుండా బరువుతో తెరుచుకునే రక్షణ కవాటాన్ని అమర్చాడు. మన కుక్కరు మీది 'వెయిటు' దాని మనుమరాలే. లోపలి ఒత్తిడి బయటి వాతావరణం కంటె సుమారు ఒక రెట్టు అధికం కాగానే బరువు లేస్తుంది, ఆవిరి కూస్తుంది. అప్పుడు లోపల నీరు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పది డిగ్రీలకు రసాయనచర్య వేగం రమారమి రెట్టింపవుతుందనే మోటు లెక్క ప్రకారం, 100 డిగ్రీల కంటె అక్కడ పప్పు నాలుగింతల వేగంతో ఉడుకుతుంది.

పప్పుకు కావలసినది ఆ వేడిమిలో కొన్ని నిమిషాలు. కూత ఆ నిమిషాలను లెక్కపెట్టదు. మంట పెద్దదైతే ఆవిరి ఎక్కువగా పుట్టి కూతలు వెంటవెంటనే వస్తాయి, లోపలి వేడిమి మాత్రం పెరగదు, కవాటం పెరగనివ్వదు. మంట చిన్నదైతే కూతకూ కూతకూ మధ్య నిమిషాలు గడుస్తాయి. మా ఇంటి పెద్ద కుక్కరులో, చిన్న మంట మీద మూడు కూతలకు పావుగంట పడుతుంది. అమ్మాయి చిన్న కుక్కరులో, పెద్ద మంట మీద నాలుగు నిమిషాలలో అయిపోయాయి. తల్లి మాట తప్పు కాదు, అది ఆమె పొయ్యికీ ఆమె పాత్రకూ చెందిన కొలత. మొదటి కూత రాగానే మంట తగ్గించి, గడియారం చూసి పది పన్నెండు నిమిషాలు ఉంచమని నేను చెప్పాను. కామెరాన్ హైలాండ్స్ వంటి 1500 మీటర్ల ఎత్తున మామూలు గిన్నెలో నీరు 95 డిగ్రీలకే మరుగుతుంది కనుక, అక్కడివారికి కుక్కరు మరీ అవసరం.

శబ్దంతో కొలవడం మనకు కొత్త కాదు. 'కూతవేటు దూరం' అంటే కేక వినబడేంత దూరం. అదీ స్థిరమైన కొలత కాదు. తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు ధ్వని కిందికి వంగి చాలా దూరం పోతుంది. మధ్యాహ్నం అదే ధ్వని పైకి వంగి ఆకాశంలో కలసిపోతుంది. తోటలో వేకువన వేసిన కేక ఎంతో దూరానికి వినబడేదని మా అత్తగారు చెబుతారు. ఆవిడ అనుభవానికి కారణం ఇదే.

ఈలకు మరొక అర్థం ఉన్నది. సంస్థలో జరిగే తప్పును బయటపెట్టేవాణ్ణి ఇంగ్లీషులో 'విజిల్ బ్లోయర్' అంటారు. తెలుగు పత్రికలు 'ప్రజావేగు' అన్నాయి. వేగు అంటే గూఢచారి. నాకు ఆ మాట అంతగా రుచించదు, ఈల ఊదేవాడు దాగి ఉండడు.

2005లో, డాక్టరేటు పట్టా ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఒక ప్రయోగశాలలో హైడ్రోజన్‌తో పని చేసేవాణ్ణి. మా సహాయకుడు తోటలో పెరిగిన పెద్దమనిషి, మూలం శ్రీకాకుళం. ఒక ఉదయం "బాబూ, ఎక్కడో సన్నగా ఈల వేస్తోంది" అన్నాడు. "ఫ్యాను చప్పుడు లెండి" అన్నాను. వయసుతో పాటు హెచ్చు పౌనఃపున్యాలు వినే శక్తి తగ్గుతుంది. ఆ లెక్కన నాకే ముందు వినబడవలసింది. అతను వాదించలేదు. సబ్బునీళ్ళు తెచ్చి సిలిండరు బిగింపుకు పూశాడు. బుడగలు లేచాయి. గాలిలో 4 శాతం చేరితే చాలు హైడ్రోజన్ అంటుకుంటుంది, వాసన లేదు, మంట పగటివెలుగులో దాదాపు కనబడదు. అతను సిలిండరు కట్టేసి, అందరినీ బయటికి పంపి, పై అధికారికి చెప్పాడు. మూడు గంటల పని ఆగినందుకు అధికారి అతనినే చీవాట్లు పెట్టాడు. నేను పక్కనే నిలబడి మాట్లాడలేదు.

మలేసియాలో ప్రజావేగుల రక్షణ చట్టం 2010లో వచ్చింది. కాని పనిచేసే చోట ప్రమాదం ఉందని చెప్పిన ఉద్యోగిని ఆ కారణంగా శిక్షించరాదని 1994 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టంలోనే ఉన్నది. ఆ సంగతి అతనికి తెలియదు. తెలిసి ఉండవలసిన నాకూ తెలియదు. ఏడాది తరువాత ఒకనాడు క్షమాపణ చెప్పబోతే, "ఇప్పుడెందుకు బాబూ అవన్నీ, టీ చల్లారిపోతుంది" అన్నాడు.

మన వంటింటి గ్యాసులో వాసన పదార్థం కలుపుతారు కనుక కారితే ముక్కు చెబుతుంది. అయినా సిలిండరు మార్చిన ప్రతిసారీ రబ్బరు గొట్టం బిగింపు దగ్గర నేను సబ్బునీళ్ళు పూసి చూస్తాను. పినాంగు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మాయికి కుక్కరు లెక్క కంటె ముందు అదే నేర్పాను.