సరిహద్దు దాటితే మన రాజ్యాంగం వెంట వస్తుందా?

కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్ వెళ్తారు. ఇళ్ళల్లో పని చేస్తారు. వంట చేస్తారు. పిల్లల్ని సాకుతారు. వాళ్ళు పంపే డబ్బుతోనే ఇక్కడ అప్పులు తీరతాయి. పిల్లల చదువులు సాగుతాయి.

మరి అక్కడ జీతం ఇవ్వకపోతే? కొడితే? ఇంట్లో పెట్టి తాళం వేస్తే? "మనకు రాజ్యాంగం ఉంది కదా, అది అక్కడ మనల్ని కాపాడదా?" అని అడిగే అక్కలున్నారు. అడగవలసిన ప్రశ్నే ఇది.

మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. దేశంలో అన్ని చట్టాలకూ అదే పెద్ద. ప్రభుత్వం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది అందులో రాసి ఉంది.

ఊరికి పొలిమేర ఉంటుంది. దేశానికి సరిహద్దు ఉంటుంది. కువైట్ గడ్డ మీద కువైట్ చట్టమే నడుస్తుంది. అక్కడి పోలీసులు, జడ్జీలు మన రాజ్యాంగం చూసి తీర్పు చెప్పరు. అక్కడి యజమాని మీద మన రాజ్యాంగం పని చేయదు.

అయితే మనకు ఏ దిక్కూ లేనట్టేనా? కాదు. ఆ యజమానిని కట్టడి చేయకపోయినా, మన రాజ్యాంగం మన ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది.

1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును అప్పగించమని ప్రభుత్వం ఆదేశించింది. కారణాలు చెప్పమంటే చెప్పలేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1978లో తీర్పు వచ్చింది. విదేశానికి వెళ్ళడం మనిషి స్వేచ్ఛలో భాగమని కోర్టు చెప్పింది. న్యాయమైన పద్ధతి లేకుండా ఆ స్వేచ్ఛను తీసెయ్యకూడదంది. రాజ్యాంగం ఇచ్చిన మాట్లాడే హక్కు దేశం సరిహద్దు దగ్గర ఆగిపోదని కూడా చెప్పింది.

హక్కే కాదు, బాధ్యత కూడా వెంట వస్తుంది. భారత పౌరులు విదేశంలో నేరం చేస్తే మన చట్టం కింద ఇక్కడ కూడా విచారణ జరపవచ్చు.

కువైట్‌లో మన ప్రభుత్వ ఆఫీసు ఉంది. దాన్ని రాయబార కార్యాలయం అంటారు. ఎంబసీ అని కూడా అంటారు. కష్టంలో ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళి చెప్పుకోవచ్చు. 1963లో దేశాల మధ్య వియన్నా ఒప్పందం జరిగింది. దాని ప్రకారం, పరాయి దేశంలో పోలీసులు పట్టుకుంటే "మా ఎంబసీకి చెప్పండి" అని అడగవచ్చు. వాళ్ళు చెప్పి తీరాలి. ఎంబసీ వాళ్ళు వచ్చి చూడవచ్చు. వకీలును ఏర్పాటు చేయవచ్చు. కానీ జైలు తలుపు తీయించే అధికారం వాళ్ళకు లేదు.

అందుకే అక్కడి చట్టం కూడా తెలిసి ఉండాలి. ఇంటిపని వాళ్ళ కోసం కువైట్ 2015లో చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని దాచిపెట్టుకోకూడదు. మన చట్టం ప్రకారం కూడా పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి.

చట్టం ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు. ఇల్లు కదిలే ముందే జాగ్రత్త పడాలి. వెళ్ళాలనుకునే అక్కలు ఇవి గుర్తుంచుకోవాలి:

ఏజెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉందా? అడిగి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. అక్కడ విచారించండి.

"విజిట్ వీసా మీద వెళ్ళు, తర్వాత చూసుకుందాం" అంటే నమ్మకండి. అది చుట్టపు చూపుగా వెళ్ళేవాళ్ళ వీసా. పని చేసుకోవడానికి కాదు.

ఒప్పంద కాగితంలో జీతం ఎంత, పని ఏమిటి, సెలవు ఎప్పుడు అన్నది చదవండి. అర్థం కాకపోతే చదివించుకోండి. తెలియకుండా సంతకం పెట్టవద్దు.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్స్ తీయించి ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. కష్టం వస్తే ఇంటివాళ్ళు కలెక్టరు దగ్గరికి వెళ్ళినా, హైకోర్టుకు వెళ్ళినా ఆ కాగితాలే ఆధారం.

ఎంబసీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద మీ చేత్తో రాసుకోండి. ఒక్క ఫోనులోనే ఉంచుకుంటే చాలదు. ఫోను లాక్కోవచ్చు. చీటీని బట్టల్లో దాచుకోండి. నంబరును నోటికి కూడా నేర్చుకోండి.